ఆగ్నేయం మూలన చార్జింగ్ పాయింట్

పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పుకొని బతుకుతున్నదాన్ని నేను. మా ఇంట్లో ట్యూబులైటు పోతే మాత్రం బయటి నుంచి మనిషి రావాల్సిందే. అతను స్టూలెక్కి బిగిస్తుంటే నేను కింద స్టూలు పట్టుకొని నిలబడాలి. "మీది ఇదే సబ్జెక్టంట గదా మేడం" అని అతను మర్యాదకు అడుగుతాడు. అవునంటాను. మా అత్తమ్మ చాయ్ తెస్తుంది, అతనికి. పెళ్ళయిన కొత్తలో దీనికి ఒళ్ళు మండేది. తర్వాత మండడం మానేసింది, అలవాటు పడిపోయింది అనుకున్నాను. ఇల్లు కట్టడం మొదలుపెట్టాక తెలిసింది, మండుతూనే ఉందని.

మా కాలేజీ మేడ్చల్ అవతల ఉంది. మేమప్పుడు దేవరయాంజాల్‌లో, రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిన సందులో ఉండేవాళ్ళం. కాలేజీ బస్సు ఊరి బయట రోడ్డు మీద ఆగేది. అది ఉన్నన్నాళ్ళూ నా ఉద్యోగం గురించి ఇంట్లో ఎవరికీ పట్టలేదు, పొద్దున పోయేది, సాయంత్రం వచ్చేది, అంతే. ఒక ఏడాది మా వైపు నుంచి చేరే పిల్లలు తగ్గారని ఆ బస్సును వేరే దారికి మళ్ళించారు. అక్కడ మొదలయ్యాయి నా తిప్పలు.

ఇంట్లో రెండు కార్లుండేవి. ఒకటి బావది, అంటే మా ఆయన అన్నది. ఇంకోటి 'ఇంటిది' అనేవాళ్ళు కానీ అదీ బావదే. పొద్దున ఎవరు మేడ్చల్ వైపు పోతుంటే వాళ్ళ వెంట పోవాలి. ఎవరూ పోకపోతే మా ఆయన బండి మీద దింపాలి. ఆయనకు పనుంటే నేను రెండు ఆటోలు మారాలి, అవి దొరికితే. దొరకని రోజు సెలవు. సెలవులు ఎక్కువయ్యేసరికి అత్తమ్మ మాట మొదలుపెట్టింది.

"రోజూ గీ లొల్లి ఎందుకే? బందువెట్టు నౌకరి. ఇంట్ల నీకేం తక్కువైంది?"

తక్కువైందేమీ లేదు, అదే చిక్కు. తిండికీ బట్టకూ మాటకూ లోటు లేని ఇల్లు. కానీ ఆ కాలేజీలో నల్లబోర్డు ముందు నిలబడితే నేను చెప్పేది పిల్లలు రాసుకుంటారు. లోకంలో ఇంకెక్కడా నా మాట ఎవరూ రాసుకోలేదు. ఆ ఉద్యోగం పోతే నేను కూడా పోయినట్టేనని నాకు భయం. ఈ సంగతి మా ఆయనతో సహా ఎవరికీ చెప్పలేదు. నా అంతట నేను పోయి, నా అంతట నేను రాగలిగితే ఉద్యోగం నిలబడుతుంది. లేకపోతే ఈ ఏడో వచ్చే ఏడో మానేయడం ఖాయం.

ఇక్కడ బావ గురించి చెప్పాలి. మా ఇళ్ళల్లో తమ్ముడి భార్యతో బావ ముఖాముఖి మాట్లాడడు. నేను ఎదురుగా నిలబడి ఉన్నా, "ఆమెకు చెప్పు" అని మా ఆయనతోనో అత్తమ్మతోనో అంటాడు. నేనూ వాళ్ళతోనే జవాబు చెప్పాలి. అది కోపం కాదు, మర్యాద. మనిషి చెడ్డవాడూ కాదు. మా పొలాలు ప్లాట్లయినప్పుడు తమ్ముడికి అన్యాయం జరగకుండా చూసింది ఆయనే. ఊళ్ళో భూముల తగాదా వస్తే పోలీస్ స్టేషన్‌కు పోయే ముందు ఆయన దగ్గరికి వస్తారు. మున్సిపాలిటీ అయ్యాక కౌన్సిలర్ కావాలని ఆశ. ఎవరేమడిగినా లేదనడు. ఆయనతో కష్టం కూడా అదే.

తూంకుంటలో మేమే వేసిన లేఅవుట్‌లో మంచి ప్లాటు ఒకటి ఉంచుకొని అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకే ఇల్లు మొదలుపెట్టారు. కింద బావ వాళ్ళు, పైన మేము. ప్లాటుకు ఉత్తరాన పెద్ద రోడ్డు, దక్షిణాన వెనక సన్న వీధి. గేటు పెద్ద రోడ్డు మీదికి, ఈశాన్యం వైపు. గేటు లోపలి నుంచి తూర్పు గోడ వెంట కార్లు నిలబెట్టే దారి పొడుగ్గా పోయి ఆగ్నేయం మూలన, వెనక వీధి ప్రహరీగోడ దగ్గర ఆగిపోతుంది. కారు వెంట కారు నిలబెట్టాలి, పక్కపక్కన పట్టవు.

ఇంటి ప్లాను కాగితం టేబుల్ మీద పరిస్తే నేను వైరింగ్ చూశాను. ఏసీలకు లైన్లున్నాయి, గీజర్లకున్నాయి, పూజగదిలో దేవుడి వెనక రంగు లైట్లకున్నాయి, గేటు మీద కెమెరాలకున్నాయి. కార్ల దారిలో మాత్రం రెండు ట్యూబులైట్లు తప్ప ఏమీ లేదు.

"అక్కడ కారు చార్జింగ్‌కు లైను పెట్టియ్యాలె" అన్నాను మా ఆయనతో.

"మన దగ్గర కరెంటు కారే లేదు గదా. లేని కారుకు వైరెందుకు?"

"ఇప్పుడు లేదు. రేపు కొంట. గచ్చు పోసినంక పైపెయ్యాలంటే అంతా తవ్వాలె. ఇప్పుడైతే ఒక్క పూట పని."

కొంటానన్న మాట నా నోట్లోంచి అలా వచ్చేసింది. అంతవరకు నాలో నేను కూడా అనుకోలేదు. కాలేజీలో పిల్లలకు చెప్పినట్టే ఆయనకు విడమర్చి చెప్పాను. ఫోను చార్జింగ్ పెట్టినట్టు ఏదో ఒక సాకెట్‌కు తగిలిస్తే కుదరదు. ఇంట్లో మూడు గీజర్లు ఒకేసారి వేసి గంటల తరబడి వదిలేస్తే ఎంత లాగుతాయో ఈ కారు ఒక్కటే అంత లాగుతుంది. మామూలు వైరు వేస్తే వేడెక్కి లోలోపలే మాడిపోతుంది. కాబట్టి మెయిన్ బోర్డు నుంచి దీనికి సొంత లైను, ముప్పై రెండు ఆంపియర్లకు సొంత స్విచ్చి, ఆరు ఎంఎం రాగి వైరు, షాకు కొట్టకుండా కరెంటు తెంపేసే పరికరం, వేరుగా ఎర్తింగ్ గుంత. మీటరుకు లోడు కూడా ముందే పెంచి రాయించాలి.

ఆయన శ్రద్ధగానే విన్నాడు. అన్నం తింటున్నప్పుడు దాన్ని బావకు చేరవేశాడు. నేను పక్కనే పప్పు వడ్డిస్తున్నాను.

"అన్నా, ఆమె బయట కొంచెం లావు వైరు ఎయ్యమంటుంది."

"ఎయ్యమను" అన్నాడు బావ. "మనింట్ల కరెంటుకేం కరువు."

నా పాఠమంతా కొంచెం లావు వైరయింది. అయినా సరే, ఒప్పుకున్నారు. నవ్వు దాచుకొని ఇంకో గరిటె పప్పు వేశాను.

పాయింటు ఎక్కడ పెట్టాలన్నది తర్వాత వచ్చింది. నేను గేటు పక్క స్తంభం దగ్గర పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. వాస్తు చూసే పంతులు దాని మీద వేలు పెట్టి ఆగాడు.

"ఈశాన్యం నీళ్ళ చోటు తల్లీ. సంపు అక్కడే, బోరూ అక్కడే. అగ్నిని తీసుకొచ్చి నీళ్ళ పక్కన కూర్చోబెడతారా? ఆగ్నేయానికి పోనివ్వండి. మీటరూ అక్కడే కదా."

వాదించడానికే నోరు తెరిచాను. తెరిచి ఆలోచిస్తే ఆయన చెప్పింది తప్పు కాదు. సంపు మూత పక్కన, ఎప్పుడూ తడిగా ఉండే చోట అంత కరెంటు పాయింటు నేను మాత్రం ఎందుకు పెట్టాలి? పైగా మెయిన్ బోర్డు ఆగ్నేయంలో ఉంటే లైను పొట్టిగా ఉంటుంది, దారిలో వోల్టేజీ పోదు. పంతులూ నేనూ పాఠ్యపుస్తకమూ ఒకే మాట మీద నిలబడడం అదే మొదటిసారి. "సరే పంతులుగారూ, ఆగ్నేయంలోనే పెట్టిద్దాం" అన్నాను. ఆయన కూడా ఆశ్చర్యపోయినట్టున్నాడు. నాతో ఇంకో అరగంట వాదన ఉంటుందనుకున్నాడేమో.

కరెంటు ఎటు నుంచి వస్తుందో చూశాను. కారు ఎటు నుంచి బయటికి పోతుందో చూడలేదు. కాగితం మీద ఆ దారిలో నా కారు ఒక్కటే ఉంది మరి. నేనే గీసుకున్న చిన్న డబ్బా.

పని జరిగిన రోజుల్లో ఆదివారాలన్నీ సైటు మీదే ఉన్నాను. పైపు మెయిన్ బోర్డు నుంచి గోడలోకి, గోడ నుంచి మూల దాకా వంపులు తక్కువగా వేయించాను. రేపు ఇంకా పెద్ద చార్జర్ వస్తే పనికొస్తుందని ఖాళీ పైపు ఇంకోటి పక్కన వేయించాను. ఎర్తింగ్ గుంతలో బొగ్గూ ఉప్పూ వరసలు వరసలుగా పోస్తుంటే, నీళ్ళు నేను పోస్తానని బకెట్టు తీసుకున్నాను. నీళ్ళు బుడగలు వేస్తూ లోపలికి ఇంకిపోయాయి. ఆ ఇంట్లో నాది అని చెప్పుకోదగ్గది ఆ గుంత ఒక్కటే. చీర అంచు తడిసి, చేతులకు బొగ్గంటి, ఎన్నేళ్ళకో సంతోషంగా ఉన్నాను. అదే సమయానికి బావ వచ్చాడు. నా వైపు చూడకుండా మేస్త్రీతో, "ఆమె చెప్పినట్టు చెయ్యి. ఆమె గిదే చదువు చదివింది" అన్నాడు. ఆ మాటకు వారం రోజులు పొంగిపోయాను.

గృహప్రవేశం అయిన కొన్నాళ్ళకు నా జీతం మీద కారు కొన్నాను. చిన్నదే, తెల్లది, ఆకుపచ్చ నంబరు ప్లేటుది. డ్రైవింగ్ అంతకు ముందే నాగారంలో ఒక ట్రైనింగ్ స్కూలు వాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. కారు ఇంటికొచ్చేసరికి బావ తీర్థయాత్రలకు పోయి ఊళ్ళో లేడు. సాయంత్రం వచ్చి మూలన నిలబెట్టి, గోడకున్న పాయింటు నుంచి తీగ లాగి తగిలిస్తే చిన్న పచ్చ దీపం వెలిగేది. పొద్దున కారు నిండుగా ఉండేది. తీగ చుట్టి గోడకు తగిలించి, వెనక్కి తీసుకుంటూ గేటు దాకా వచ్చి, రోడ్డెక్కేదాన్ని.

ఆ కొద్ది రోజుల్ని ఎట్లా చెప్పాలో తెలియదు. దేవరయాంజాల్ దాటి, మామిడితోటలు పోయి వెంచర్ల కమానులు లేచిన దారిలో, టిప్పర్ల దుమ్ములో, అద్దాలు ఎత్తుకొని చప్పుడు లేకుండా పోయేదాన్ని. ఎవరినీ అడిగింది లేదు. ఎవరి కోసమూ ఆగింది లేదు. దారిలో ఒక చోట బండి మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తుంటే ఆగి, దిగకుండానే ఒకటి కొనుక్కొని తిన్నాను. నలభై దాటిన ఆడదాన్ని, ఉద్యోగం చేసేదాన్ని, ఒంటరిగా రోడ్డు పక్కన ఆగి ఏదైనా తినడం అదే మొదటిసారి. ఇంటికి పోయి చెప్పలేదు.

బావ తిరిగొచ్చాడు. మున్సిపల్ ఎన్నికలు రావచ్చని మాట పుట్టింది. ఇంటికి జనం రాక మొదలైంది.

పొద్దున నేను కిందికి దిగేసరికి నా కారు మూలన గోడకు ముక్కు ఆనించి ఉండేది. దాని వెనక బావ పెద్ద కారు. దాని వెనక వచ్చినవాళ్ళవి రెండో మూడో, గేటు దగ్గర అడ్డంగా బైకులు. నేను బయటపడాలంటే మొత్తం వరస వెనక్కి కదలాలి. తాళాలు తెల్లచొక్కాల జేబుల్లో ఉంటాయి. తెల్లచొక్కాలు ముందు హాల్లో కూర్చొని చాయ్ తాగుతూ ఎవరిదో గట్టు తగాదా తెంపుతుంటాయి. మగవాళ్ళ పంచాయితీలోకి కోడలు పోయి, "మీ బండి తీస్తారా" అనకూడదు. మా ఆయన అప్పటికే బండి మీద పోయి ఉంటాడు. ఇక అత్తమ్మను బతిమాలాలి.

"ఇంటికొచ్చిన మనిషిని చాయ్ తాగంగ లేపుతమా? జరసేపు ఆగు" అంటుంది అత్తమ్మ.

ఆగేదాన్ని. మెట్ల మీద బ్యాగు ఒళ్ళో పెట్టుకొని ఆగేదాన్ని. బస్సు పోయినప్పుడు కనీసం రోడ్డు మీద నిలబడేదాన్ని, ఏదో ఒక ఆటో వస్తుందన్న ఆశ ఉండేది. ఇప్పుడు నిండా చార్జింగున్న సొంత కారు ఎదురుగా పెట్టుకొని మెట్ల మీద కూర్చోవాలి.

నాకు తెలిసిన దారులన్నీ చూశాను. గేటు దగ్గర నిలబెడితే తీగ అందదు. బయట రోడ్డు మీద పెడితే రెండు మూడు రోజులకు చార్జింగ్ అయిపోతుంది. కొన్నిసార్లు హైవే మీద చార్జింగ్ పెట్టే చోటికి పోయి వరసలో నిలబడ్డాను. అక్కడ ఒకటి పనిచేస్తే ఒకటి పనిచేయదు, ఇంటికి పోయేసరికి ఆలస్యం, దానికి ఇంకో సంజాయిషీ. పొడుగు ఎక్స్‌టెన్షన్ తీగ కార్ల కింది నుంచి లాగవచ్చు. పరీక్షలో ఏ పిల్లాడైనా అట్లా రాస్తే నేనే సున్నా వేస్తాను. గేటు దగ్గరికి ఇంకో పాయింటు పెట్టిద్దామా అంటే, పంతులు మాటకు సరేనన్నది నేనే. పోయిన మాట వెనక్కి తెచ్చుకుందామని అడిగినా, సంపు పక్కన తడి తడే కదా.

ప్రాక్టికల్ పరీక్షల రోజు వచ్చింది. బయటి కాలేజీ నుంచి పరీక్షకుడు వస్తాడు, మా తరఫున నేను ఉండాలి. ముందు రోజే అత్తమ్మ చెవిన వేశాను, మా ఆయన చెవిన వేశాను, ఆయన బావ చెవిన వేశాడు. పొద్దున తొందరగా కిందికి దిగాను. నా వెనక బావ కారు లేదు, తీసి బయట పెట్టించాడు, మాట మీద నిలబడ్డాడు పాపం. కానీ ఖాళీగా ఉంది కదా అని ఎవరో తెల్ల బండి తెచ్చి సరిగ్గా నా వెనక పెట్టారు. ఆ పెద్దమనిషి, బావ కలిసి ఇంకో బండిలో శామీర్‌పేట వైపు ఏదో జాగా చూడడానికి పోయారు. తాళం ఆయన జేబులో పోయింది.

మా ఆయనకు ఫోన్ చేశాను. ఆయన బావకు చేశాడు. మళ్ళీ నాకు చేశాడు.

"అన్న ఏమన్నడంటే, ఆటోల పొమ్మన్నడు. కారు యాడికి పోతది, ఈడనే ఉంటది గదా అన్నడు."

కారు ఎక్కడికీ పోదన్నది నిజమే.

కాలేజీకి చేరేసరికి పరీక్ష మొదలైపోయింది. నా చోట ఇంకొక లెక్చరర్ సంతకం పెట్టి కూర్చున్నాడు. ప్రిన్సిపాల్ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "ఇంటి దగ్గర ఇబ్బందిగా ఉన్నట్టుంది మేడం. వచ్చే సెమిస్టర్ నుంచి మీకు మధ్యాహ్నం క్లాసులే వేద్దామా? గంటలు తగ్గుతాయి, కానీ మీకు వీలుగా ఉంటుంది" అన్నాడు. గంటలు తగ్గించడం అంటే ఏమిటో ఆ కాలేజీలో అందరికీ తెలుసు. ఒక సెమిస్టర్ మధ్యాహ్నం, తర్వాత సెమిస్టర్ వారానికి రెండు రోజులు, ఆ తర్వాత శాలువా కప్పి ఇంటికి పంపిస్తారు. ఆలోచించి చెబుతానన్నాను.

ఆ సాయంత్రం పోయి నా కారు పక్కన నిలబడ్డాను. దాని ముక్కు ముందు జానెడు దూరంలో ప్రహరీగోడ, గోడ అవతల వెనక వీధి. పిల్లలు అక్కడ షటిల్ ఆడుతున్నారు, కాక్ లేవడం పడడం గోడ మీదుగా కనిపిస్తోంది. ఇన్నాళ్ళూ వెనక్కి ఎట్లా పోవాలనే చూస్తున్నాను. కారు వెడల్పు గోడ తీసి చిన్న గేటు పెడితే ముందుకే పోవచ్చు. ఏ తెల్ల బండితోనూ పని లేదు.

ఈసారి తెలివిగా పంతులు దగ్గరికి ముందే పోయాను. ఆయన ప్లాను చూసి, వేళ్ళ మీద ఏదో లెక్క వేసి, తల ఊపాడు.

"దక్షిణ ఆగ్నేయం ఉచ్చమే తల్లీ. గేటు పెట్టుకోవచ్చు. దోషమేం లేదు."

దేవుడి దగ్గర అడ్డం లేదంటే ఇక మనుషుల దగ్గర ఏముంటుంది అనుకున్నాను. మా ఆయనకు పంతులు మాటతో సహా చెప్పాను. అన్నాల దగ్గర ఆయన విషయం ఎత్తాడు. ఈసారి తప్పు లేకుండానే చేరవేశాడు.

అత్తమ్మ చేతిలో గరిటె ఆగింది.

"రెండు గేట్లా" అంది. "ఒక ఇంటికి రెండు గేట్లేంది? అన్నదమ్ములు వేరువడ్డరంటరు. నేను బతికుండంగ ఈ ఇంటికి రెండు గేట్లు పెట్టద్దు."

"వేరు గాదత్తమ్మా, కారు పోయేటందుకు" అన్నాను.

"చూసెటోళ్ళకు కారు గనవడదు బిడ్డా. గేటే గనవడతది."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నటన కాదు. ఆమె పుట్టింట్లో అన్నదమ్ములు గోడకు కంత కొట్టి రెండో దర్వాజా పెట్టుకున్న రోజు నుంచి ఒకరి శుభకార్యానికి ఒకరు పోలేదు. ఆ దర్వాజా కథ మా పెళ్ళయిన ఏడే నాకు చెప్పింది. గేటన్న మాట ఆమె చెవికి ఎట్లా వినిపించిందో నాకు అర్థమైంది, అర్థమవడం వల్ల ఇంకా గట్టిగా ఇరుక్కున్నాను. కోపం రావాల్సిన చోట జాలి వచ్చి కూర్చుంది.

బావ చేయి కడుక్కొని తువ్వాలుతో తుడుచుకుంటూ మా ఆయనతో అన్నాడు. "గేటద్దు. ఎలక్షన్ ముంగట ఇల్లు చీలిందనుకుంటరు, మాట వోతది. ఆమె తిప్పలు నాకెరుకనే. కారు సంగతి నేను జూసుకుంట."

అప్పుడు నా నోరు ఆగలేదు. "బావా, కారు సంగతి కాదు. నాకు గేటు గావాలె. నా అంతల నేను పోయి రావాలె" అన్నాను, నేరుగా ఆయనతోనే.

పెళ్ళయినప్పటి నుంచి ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. ఆయన నన్ను చూడలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు. అత్తమ్మ వైపు తిరిగి, "రేపటి సంది ఏం పరేషాన్ ఉండదని చెప్పు" అని లోపలికి పోయాడు. అత్తమ్మ నాకు చెప్పింది. నేను విన్నాను కదా అని ఎవరికీ అనిపించలేదు. గిన్నెలు సింకులో వేసి పైకి పోయి, స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను.

అన్న మాట ప్రకారం మరుసటి రోజు డ్రైవర్ వచ్చాడు. మా అంత వయసున్నవాడే, నెమ్మదస్తుడు, బావ దగ్గర చాలా ఏళ్ళుగా ఉన్నవాడు. జనం రాకముందే వచ్చి నా కారు తీగ విప్పి, బయటికి తీసి రోడ్డు మీద పెట్టి, తుడిచి ఉంచుతాడు. నేను గేటు బయటికి పోతే వెనక తలుపు తెరుస్తాడు. కాలేజీలో దింపుతాడు, సాయంత్రం తెస్తాడు. మధ్యలో ఊరికే ఎందుకు నిలబడాలని బావ పనులకు వాడతారు. చప్పుడు లేని కారు, ఆకుపచ్చ ప్లేటు, లీడర్ల ముందు చూపించుకోవడానికి బాగుంటుందట. డాష్‌బోర్డు డబ్బాలో నా హాజరు పట్టీల పక్కన కండువాలూ కరపత్రాలూ చేరాయి. ముందు సీటు అతని కాళ్ళకు సరిపోయేలా వెనక్కి జరిగింది.

ఆలస్యాలు ఆగిపోయాయి. ప్రిన్సిపాల్ మధ్యాహ్నం క్లాసుల మాట మళ్ళీ ఎత్తలేదు. మా ఆయన, "ఇగ నీకు మస్తు ఆరాం" అన్నాడు, ప్రేమగానే. అత్తమ్మ చుట్టాలకు ఫోన్లలో "మా చిన్న కోడలు డ్రైవర్ తోని పోతది" అని చెప్పుకుంటోంది. ఉద్యోగం నిలబడింది. నేను కోరుకున్నది అదే కదా అని నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. మొక్కజొన్న బండి దాటుతున్నప్పుడు ఒకసారి ఆపమన్నాను. అతను ఆపి, నేను తలుపు తీసేలోపు దిగిపోయి, పొత్తు కొని తెచ్చి అద్దంలోంచి ఇచ్చాడు. తినబుద్ధి కాలేదు.

మొన్న ల్యాబులో పిల్లలతో ఇంటి వైరింగ్ వేయిస్తున్నాను. చెక్క బోర్డుల మీద చిన్న పైపులు, చిన్న స్విచ్చులు. కొత్త ఇల్లు కడితే రేపటి కారు కోసం ఇప్పుడే ఏమేం పెట్టించాలో చెబుతున్నాను. సొంత లైను, సొంత స్విచ్చి, సొంత ఎర్తింగ్. పిల్లలు రాసుకుంటున్నారు. వెనక బెంచీ అమ్మాయి ఒకతి లేచి, పాయింటు ఎక్కడ పెట్టాలి మేడం అని అడిగింది. చెప్పబోతుంటే డ్రైవర్ నుంచి ఫోన్ వచ్చింది.

"మేడం, సార్ బండి జల్దీ గావాలంటుండు. శామీర్‌పేటకు ఎవరో పెద్దోళ్ళొచ్చిండ్రట. మిమ్ముల ఇంటికాడ దింపి నేను అటు పోవాలె."

క్లాసు ఇంకా సగం ఉంది. పక్క ల్యాబు సారును చూడమని చెప్పి, చేతులకున్న సుద్ద కడుక్కోకుండానే కిందికి దిగాను. అతను కాలేజీ గేటు బయట వెనక తలుపు తెరిచి పట్టుకొని నిలబడ్డాడు.

"తాళం ఇటియ్యి" అన్నాను. "నువ్వు ఆటోల పో. నేను క్లాసు అయినంక నా బండి నేనే తోలుకొని ఇంటికి పోత."

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. మొండితనం లేదు, ఎగతాళి లేదు. నా మీద గౌరవమే ఉంది.

"సార్‌ను అడిగి ఇస్త మేడం" అన్నాడు.

అడగమన్నాను. ఫోను చెవికి పెట్టుకొని రోడ్డు వైపు తిరిగాడు. చాలాసేపు మోగింది. రెండోసారీ చేశాడు. పై అంతస్తు ల్యాబు కిటికీ దగ్గర పిల్లలు ఇద్దరు ముగ్గురు నిలబడి మమ్మల్ని చూస్తున్నారు.

"సార్ ఎత్తుతలేడు మేడం. ఏం జేద్దాం మరి?"

కారెక్కి కూర్చున్నాను. తలుపు నేనే వేసుకొని, పోనియ్యమన్నాను.